ర్యామ్ వేస్తే ఫాస్ట్ అయితదా, చాచా?

పోయిన నెల ఒక పొద్దున మసీదు మైకుల ఎవరో చనిపోయిన్రని చెప్పిన్రు. నేను గిన్నెలు కడుగుతున్న. పేరు వినవడ్డది గని, ఆ పేరుగలాయన మా గల్లీల ఎవరున్నరో తట్టలే. ఉర్దూ నాకు సగమే అర్థమైతది. నల్లా బందు వెట్టి మళ్ల విన్న. అదే పేరు. ఎవరో పెద్దమనిషి పాపం అనుకొని మళ్ల నల్లా ఇప్పిన. కాసేపటికి పాలకు పోయిన మా ఆయన ఉత్త చేతులతోని వచ్చి గడపల నిలవడ్డడు.

"చాచా పోయిండే," అన్నడు.

"ఏ చాచా?"

చేయి ఎత్తి ఎదురిల్లు చూపిచ్చిండు.

పన్నెండేండ్లు ఎదురెదురుగ ఉన్నం. ఆయన పేరేందో నేనెన్నడు అడగలే. మైకుల చెప్పింది ఆయన గురించే అని పోల్చుకోలేకపోయిన. ఆ సిగ్గు ఇంక పోలే. అందుకే మీకు ఆయన గురించి చెప్పాలనిపిచ్చింది.

మేముండేది గుండ్లపోచంపల్లిల. మా ఆయన పెండ్లిండ్లకు వీడియో తీస్తడు, నేను ఇంట్ల కంప్యూటర్ మీద ఆ ముక్కలు కోసి అతికిచ్చి మిక్సింగ్ చేస్త. చాచా దూలపల్లిల పైపుల ఫ్యాక్టరీల ఎలక్ట్రీషియన్‌గ చేసి రిటైరైండు. అటెంక కంప్యూటర్లు పట్టిండు. ఎవరి దగ్గర నేర్చుకోలే, చెడిపోయినయి ఇప్పుకుంట కూసోనే నేర్చిండు. డబ్బా ఇప్పేముందు కిటికి ఊచను ఒకసారి ముట్టేటోడు, ఒంట్లె కరెంటు ఉంటె పోతదని. ఇప్పిన స్క్రూలు ఊరగాయ సీసా మూతల ఏసి, ఆ మూత మీద ఇంకో మూత పెట్టేటోడు. పని అయినంక ఛాయ్ ఇస్తె తాగేటోడు. వెంటనే లేచిపోయేటోడు కాదు. మెషిన్ మళ్ల ఆగుతదేమో అని పావుగంట దాని మొఖమే చూసుకుంట కూసునేటోడు.

మూడేండ్ల కింద నా కంప్యూటర్ మస్తు స్లో అయింది. ఒక బొత్తాం ఒత్తి, కూర తాలింపేసి వచ్చేదాక అది కదలకపోయేది. ర్యామ్ ఏస్తె ఉరుకుతది అని కొంపల్లిల దుకాణపాయన చెప్పిండు. మా మరిది గ్రాఫిక్స్ కార్డు అన్నడు. ఫోన్ల వీడియోలు చూస్తె ఒకడు ఇది, ఒకడు అది, ఇంకొకడు మొత్తం పారేసి కొత్తది కొను అన్నడు. నా తలకాయ తిరిగిపోయింది. చాచా దగ్గరికి పోయి అడిగిన.

"ర్యామ్ ఏస్తె ఫాస్ట్ అయితదా, చాచా?"

"చూడకుంట ఎట్ల చెప్పాలె, బేటీ?"

వచ్చి, నా పక్కన స్టూలేసుకొని, టాస్క్ మేనేజర్ అని ఒకటి తెరిచిండు. మెమరీ, అంటె ర్యామ్, ఎంత నిండిందో, డిస్క్ ఎంత పని చేస్తాందో, ప్రాసెసర్ ఎంత కష్టపడుతుందో అండ్ల కనవడుతది. పని చేసుకుంట వారం దినాలు ఆ అంకెలు కాగితం మీద రాయమన్నడు. రాసిన. ఏమీ అర్థం కాకుంటనే రాసిన. వారమైనంక కండ్లద్దాలు నొసటికి ఎత్తి చదివిండు. మెమరీ సగం కంటె కొంచెమే ఎక్కువ నిండుతాంది. డిస్క్ మాత్రం పొద్దంత నూటికి నూరు పని చేసుకుంటనే ఉన్నది.

"ర్యామ్ ఒద్దు. ఆగేది డిస్క్ కాడ. గది మార్చు."

పాత హార్డ్ డిస్క్ తీసి, దానికంటె ఉరికే కొత్త రకం డిస్క్ ఎస్‌ఎస్‌డి ఏసినం. కంప్యూటర్ కొత్తదాని లెక్క తెరుచుకున్నది. దుకాణపాయన తప్పు, మా మరిది తప్పు, చాచా ఒక్కడే కరెక్ట్ అని గల్లీ అంత చెప్పుకున్న.

ఆ తర్వాత శామీర్‌పేట పెండ్లి పని వచ్చింది. పిల్ల తండ్రి మాకు ఎరుకైన మనిషి. పెండ్లైన కొన్ని దినాలకే ఆయన తల్లి, అంటె పిల్ల నాయినమ్మ, చనిపోయింది. ఆ అవ్వ నడిచేది, మాట్లాడేది వీడియోల ఇంకెక్కడ లేదు, మా పెండ్లి వీడియోలనే ఉన్నది. పదకొండో దినం చుట్టాలందరి ముంగట పెడుదామని ఆయన కోరిక. రెండు రోజుల్ల ఇస్త అని నేను మాటిచ్చిన. కొత్త డిస్క్ ధీమా అది.

మూడు గంటల వీడియో. మిక్సింగ్ అంత అయింది. చివరకు ఒక్క ఫైలుగ బయటికి తీయాలె. ముప్పావు దాక వచ్చి ఆగిపోయింది. మళ్ల మొదటి నుంచి పెట్టిన. మళ్ల అక్కడనే ఆగింది. రెండు రోజులు నాలుగై పదో దినం వచ్చింది. పొద్దున్నే ఆయన ఫోన్ చేసిండు.

"అమ్మా, రేపే. ఇస్తవా, ఇయ్యవా? ఇయ్యకపోతె ఇయ్యనని చెప్పు."

మా ఆయన వేరే పెండ్లికి పోయిండు. నేను చాచాను పిలుచుకొచ్చిన. నాకు కోపం కూడ ఉన్నది. "నువ్వే గదా ర్యామ్ ఒద్దన్నవ్?" అన్న.

ఆయన స్టూలు దగ్గరికి జరుపుకున్నడు. నన్ను మళ్ల ఫైలు తీయమని, అంకెల దిక్కు చూసుకుంట కూసున్నడు. సగం కాడ మెమరీ పూరా నిండింది. ముప్పావుకు మెషిన్ నీలిగింది. చాచా అద్దాలు తీసి అంగీకి తుడిచిండు.

"నాదే గల్తీ, బేటీ. ఆ వారం నువ్వు చిన్న చిన్న పనులు చేసినవ్. తేలిక పని చూసి బరువు పనికి జవాబు చెప్పిన."

"మరి డిస్క్ మార్చుడు తప్పా?"

"అది సహీ. ఇది గలత్. రెండు నేనే చెప్పిన."

నాకు ఇంక అయోమయమైంది. ఒక్క మనిషే రైటు ఎట్ల, తప్పు ఎట్ల? నేను బండి తీసి కొంపల్లి దుకాణానికి పోత అని లేచిన. చాచా ఆపిండు. ఇంటికి పోయి, తన కంప్యూటర్ ఇప్పి, అండ్ల ఉన్న ఒక్క ర్యామ్ ముక్క తీసి రుమాల్ల పెట్టుకొని వచ్చిండు. దాని మీద, నా మెషిన్ల ఉన్న ముక్క మీద రాసున్నది చదివి ఒకటే రకమని నిమ్మళమైండు. "కొనేముందు ఏసి చూడాలె. దీంతోని కాకపోతె కొన్నా కాదు," అన్నడు. ఊచ ముట్టి, నా మెషిన్ల ఖాళీ సందుల ఒత్తి పెట్టిండు.

ఈసారి ఫైలు ముప్పావు దాటింది. మధ్యాహ్నానికి మొత్తం బయటికి వచ్చింది.

చాచా స్కూటర్ మీదనే మేడ్చల్ మీదుగ శామీర్‌పేట పోయినం. ఆ ఇంటాయన వాకిట్లనే నిలవడ్డడు. నేను నోరు తెరవకముందే చాచా ముందుకు పోయి, "ఆలస్యం ఈ పిల్లతోని కాలే, నేను తప్పు సలహా ఇచ్చిన," అన్నడు.

ఆయన ఎగాదిగ చూసి, "నువ్వెవరు?" అన్నడు.

"ఎదురింటోన్ని."

ఆయన పక్కకు జరిగి దారిచ్చిండు. లోపలికి రమ్మన్నడు. టీవీకి పెట్టి చూపిచ్చినం. మంగళ హారతి కాడ అవ్వ కెమెరా దిక్కు తిరిగి, చేయి అడ్డం పెట్టి, "నన్నెందుకు తీస్తున్నవయ్యా, పిల్లను తియ్యి," అన్నది. ఆయన కుర్చీల నుంచి జారి కింద కూసున్నడు. "ఇంకొకసారి," అన్నడు. ఇంకొకసారి పెట్టిన. చాచా మెల్లగ లేచి బయటికి పోయిండు.

తిరిగొస్తుంటె అడిగిన. "మాటిచ్చింది నేను గదా చాచా, తప్పు అంత నీ మీద ఎందుకేసుకున్నవ్?"

"సగం నీది, సగం నాది. బాధల ఉన్నాయనకు సగాలు చెప్తె పరేషాన్ అయితడు."

తెల్లారి నేను ర్యామ్ కొనుక్కొని, ఆయనది ఆయన మెషిన్ల నా చేతులతోనే పెట్టిన. ఆయన పక్కన నిలవడి చూసిండు, చేయి పెట్టలే.

ఈమధ్య మేము కొత్త కెమెరా తీసుకున్నం. ఫైళ్లు మస్తు పెద్దయి వస్తున్నయి, మళ్ల పాత కథనే. ఈసారి బరువు పని చేసుకుంటనే అంకెలు రాసుకొని చాచా దగ్గరికి పోయిన. అప్పటికే ఊపిరి ఆడక మంచం మీద ఉన్నడు. ఆ టైముల గా కాగితం పట్టుకపోవుడు తప్పే. గని ఆయన మొఖం ఎంత వెలిగిందో మీరు చూడలే. మెమరీ ముప్పావే నిండుతాంది. డిస్క్ ఊకెనే ఉంటాంది. ప్రాసెసర్ లేస్తది, పడ్తది. చదివి చదివి, "నాకు సమజైత లేదు బేటీ. కాగితం ఉంచు," అన్నడు. మూడు దినాలకు మైకుల పేరు విన్న.

నలభై దినాలు కాకముందే చాచా భార్య, మా చాచి, ఆ కాగితం తెచ్చిచ్చింది. కింద ఉర్దూల ఒక లైను రాసున్నది. నేను చదవలేను. చాచి వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది.

"ఫైలును చిన్నగ చేసి మిక్సింగ్ చేసి చూడమను అని రాసిండు. ఇదేందమ్మా, ఏదన్న వంటనా?"

ఇద్దరం నవ్వినం, ఏడ్చినం, ఏది ముందో యాది లేదు. అట్లనే చేసి చూసిన. కొంచెం నయమైంది. ర్యామ్ ఏస్తె ఇంకింత నయమైతదా? నిజంగ నాకు తెల్వదు. కొన్ని దినాలు ఏద్దామనిపిస్తది, కొన్ని దినాలు ఒద్దనిపిస్తది. అడగనీకి ఎదురింటి దిక్కు రెండడుగులు ఏసి ఆగిపోత.

మొన్న ఐతారం ప్రైవేటు బడిల చెప్పే ఒక టీచరమ్మ చాచా ఇల్లు వెతుక్కుంట వచ్చింది. చాచా పోయిన కబురు ఆమెకు తెల్వదు. చాచి గేటు కాడ ఆమెతోని ఏందో మాట్లాడి, మా ఇంటి దిక్కు చేయి చూపెట్టింది. ఆమె వచ్చి మా గడప మీదనే కూసోని, సంచిల నుంచి ల్యాప్‌టాప్ తీసి ఒళ్లె పెట్టుకున్నది. ర్యామ్ ఏయాల్నా అక్కా అని అడిగింది. నేను చెయ్యి తడి తుడుచుకొని పక్కన కూసున్న. చాచి కూడ దుపట్టా సర్దుకుంట రోడ్డు దాటి వచ్చి మా ఎన్క నిలవడ్డది. నల్లటి స్క్రీను మీద తెల్లటి చుక్కలు గుండ్రంగ తిరుగుతున్నయి. అది తెరుచుకునేదాక ముగ్గురం దాని మీదికి ఒంగి అట్లనే చూస్తున్నం.