నవ్వించేవాడి తెడ్డు దెబ్బ

సినిమావాళ్ళ పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా పల్లె తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున. అరవైల మొదట్లో మద్రాసు నుంచి ఒక కంపెనీ వచ్చి మా రేవులో షూటింగు పెట్టింది. మగవాళ్ళు వేట మానేసి, ఆడవాళ్ళం చేపల గంపలు దించేసి, గుంపులో నిలబడే వేషాలకు ఎగబడ్డాం.

అందులో దుర్మార్గుడైన పడవల ఆసామి వేషం ఒక హాస్యనటుడిది. డేరా సినిమాల్లో ఆయన్ని చూసి చూసి ఉన్నామేమో, కారు దిగి చెప్పులో ఇసుక దులుపుకుంటేనే పల్లె పల్లెంతా పగలబడి నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆసామి ఒక జాలరిని తెడ్డుతో చావబాదాలి. ఆ జాలరి వేషం మా అన్నకిచ్చారు. మా అన్న చావింట్లో కూడా నవ్వు ఆపుకోలేని మనిషి.

ఆయన తెడ్డెత్తుతాడు, మా అన్న కిసుక్కుమంటాడు, వెనక మేమంతా గొల్లున నవ్వుతాం. పొద్దుటినుంచీ ఇదే తంతు. చివరికి డైరెక్టరు టోపీ విసిరికొట్టాడు. "ఈసారి నవ్వు వినబడితే ఈ వేషం ఇంకొకరికి ఇచ్చేస్తాను. నువ్వు పోయి అరటితొక్క మీద జారిపడుతూ బతుకు" అని అందరి ముందూ ఆయన మీద అరిచాడు.

ఆయన మా అన్న పక్కన ఇసుకలో కూలబడ్డాడు.

"తమ్ముడూ, ఇన్నేళ్ళూ జారిపడే బతికాను. నడుం విరిగింది. ఈ ఒక్క వేషం నిలబడితే నేనూ నటుణ్ణే. నవ్వకురా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"గంగమ్మ తోడు, నవ్వనన్నా. నవ్వితే నిజంగానే కొట్టు" అన్నాడు మా అన్న.

అన్నంత పనీ అయింది. తెడ్డు లేచింది. అన్న పెదవి వణికింది, కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే తెడ్డు చెవి మీద దిగింది. టెంకాయ పగిలిన చప్పుడు. ఆయన ఆగలేదు. "నవ్వుతావురా? నవ్వు! నవ్వరా!" అంటూ వీపు మీద, భుజాల మీద, అడ్డం పెట్టిన మోచేతుల మీద బాదుతూనే ఉన్నాడు. ఇసుక ఎర్రబడింది. మా అన్న పీతలా పాకుతున్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది, దాని దుంప తెగ!

మా మగవాళ్ళు ఒక్క పెట్టున దూకారు. ఆయన్ని జుట్టు పట్టి ఈడ్చి, మొహం తడి ఇసుకలో అదిమి తొక్కారు. పళ్ళు రాలాయి. మా మేనమామ లంగరు రాయి పైకెత్తాడు. "నా మేనల్లుడి నెత్తి పగలగొట్టినోడికి నెత్తి ఉండకూడదు!"

మా సముద్రపు పల్లెల్లో దురాయి అని ఒక మాట ఉంది. ఎంత కొట్లాటలోనైనా, దెబ్బ తిన్న వాళ్ళ తరఫున ఒకరు ఆ మాట అరిస్తే, లేచిన చెయ్యి లేచినట్టే ఆగాలి. దాటినవాడికి ఊళ్ళో నిప్పూ నీళ్ళూ పుట్టవు. అన్న తలను ఒళ్ళో పెట్టుకున్న మా అమ్మ వైపు అందరం చూశాం. నేనైతే ఆమె నోరు మెదపకూడదనే కోరుకున్నాను.

"దురాయి!" అని కేక పెట్టింది అమ్మ. "దురాయిరా! ఆయన్ని వదలండి. గంగమ్మ మీద ఒట్టేసి తప్పింది మనోడే. కొట్టమనింది కూడా వాడే, నేను ఇన్నా."

రాయి మేనమామ నెత్తి మీదే ఆగిపోయింది. అంతమందీ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. డైరెక్టరు పరుగెత్తుకొచ్చి అమ్మకు చేతులు జోడించాడు. "అద్భుతంగా చేశావమ్మా! ఆ మాట నీకెవరు నేర్పారు?" అమ్మ కాండ్రించి ఆయన కాళ్ళ ముందు ఉమ్మేసింది. హాస్యనటుణ్ణి దుప్పట్లో చుట్టి కారులో వేసుకుపోయారు.

అన్నకు ఆ చెవి పోయింది. అయినా సినిమా కావలి టౌన్లో హాలుకు వచ్చిందని తెలిసి, చూడాల్సిందేనని పట్టుబట్టాడు. నేనూ నా మొగుడూ వెంట వెళ్ళాం. తెర మీద తెడ్డు దిగింది. ఆ రక్తం మా రక్తం. హాలంతా మాత్రం విరగబడి నవ్వుతోంది. ఆయన మొహం అలాంటిది, ఏం చేస్తాం! ముందు బెంచీవాడు ఈల వేసి, "ఇంకోటెయ్యి గురూ!" అన్నాడు.

మా అన్న బెంచీ దాటి వాడి మీద పడ్డాడు. మెడ పట్టుకొని మూతి మీద గుద్దాడు, మళ్ళీ గుద్దాడు.

"నవ్వతావేందిరా? ఆయన అంత కష్టపడి యాక్షన్ జేస్తుంటే నవ్వతావా? ఏడు! ఏడవరా నా కొడకా!"

నేనూ నా మొగుడూ చెరో చెయ్యి పట్టుకొని లాగాం. వాడు నిజంగా ఏడ్చేదాకా అన్న వదల్లేదు.