నేను దిద్దని పది మార్కులు

మొన్న చెల్లెలి కూతురి పెళ్లిలో అక్షింతలు వేసి పక్కకు జరిగానో లేదో, మొహం సరిగ్గా పడలేదు, మళ్లీ వేయండి అన్నాడు వీడియో తీసే అతను. వేయనని చెప్పి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ముసలావిడకు కోపం ఎక్కువని అందరూ నవ్వారు. ఎక్కువే. నారాయణఖేడ్ కాలేజీలో తెలుగు చెప్పే రోజుల్లో, రెండు వేల ఏడులో అనుకుంటాను, ఒక సదస్సు దగ్గర పట్టుకున్న కోపం అది, నేటికీ దిగలేదు.

అప్పట్లో వార్తా ఛానళ్లు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొస్తున్నాయి, మా డిగ్రీ పిల్లలందరికీ టీవీలో చేరాలని ఆశ. టీవీలో పని ఎలా ఉంటుందన్న విషయం మీద సదస్సు పిల్లలే నడపాలి, మార్కులు నేనూ, పట్నం నుంచి వచ్చిన పరీక్షకుడూ వేయాలి. మంచి మార్కులొస్తే నడిపిన పిల్లను కాలేజీ ఒక ఛానల్లో శిక్షణకు పంపుతుంది. నడిపింది మా వీధి దర్జీ కూతురు. ఆ శిక్షణ దొరికితే తప్ప హైదరాబాద్ గడప తొక్కనివ్వనని తండ్రి తేల్చి చెప్పాడు కనుక ఆ పిల్ల ఆశంతా దానిమీదే.

వేదిక మీద మూడు కుర్చీలు. వార్తలు చదివే ఒకావిడ, ఒక కెమెరామన్, వాళ్ల పక్కన తలమీదుగా కొంగు కప్పుకుని మనూర్ వైపు కంది పండించే రైతు ఒకామె. ఆమె ఆ పిల్ల స్నేహితురాలి మేనత్త. ఈమెకు టీవీలో ఏం పని అని పరీక్షకుడు నా చెవిలో గొణిగాడు. నాకూ తెలియదు. మైకు చేతికి రాగానే ఆమే చెప్పింది.

"ఎండకాలం నీళ్ల గోస జూపిస్తమని టీవోళ్లు మా ఊరికొచ్చిండ్రు. గంటసేపు బోరింగు గొట్టి బిందె నింపిన. బొమ్మ మంచిగ పడలే, పారబోసి మల్ల నింపమన్నరు. రెండుసార్లు పారబోపిచ్చిండ్రు. గీమె సదివేది పనైతే, నేను జేసింది పని గాదా?"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. కెమెరామన్ నేలచూపులు చూశాడు. పరీక్షకుడు మాత్రం వక్తల అర్హత అన్న గడిలో సున్నా వేశాడు, నేను పదికి పది వేశాను.

ఇంత తేడా కుదరదని ప్రిన్సిపాల్ పిలిపించాడు. ఆ ఆడమనిషిని పిలవడం పొరపాటని ఆ పిల్ల రాసిస్తే, నేను ఐదుకు దిగితే, పరీక్షకుడూ ఐదు వేస్తాడట, శిక్షణ దక్కుతుందట. "ఎందుకమ్మా గీ పంతం, పిల్ల బాగుపడ్తది గదా" అన్నాడు. పంతం నాది, బతుకు ఆ పిల్లది, అందుకని పోయి ఆమెనే అడిగాను. కళ్లు తుడుచుకుని చెప్పింది. "దిద్దొద్దు మేడం. అత్తను నేనే పిలిచిన. తప్పని ఎట్ల రాస్త?"

నేను దిద్దలేదు. శిక్షణకు ఇంకెవరో వెళ్లారు. ఆ పిల్ల ఇప్పుడు నాగల్‌గిద్ద బడిలో పాఠాలు చెబుతోంది, కనబడితే నా చేతులు పట్టుకుంటుంది, నాకే ఏదోలా ఉంటుంది. ఆ రోజుల్లో మా ఊళ్లో టీవీ కెమెరా కనబడాలంటే అది పట్నం నుంచి రావాలి, ఇప్పుడు మనూర్ ఆటోలో ఎక్కిన ప్రతివాడి జేబులోనూ ఒకటుంది. రాత్రింబవళ్లు వార్తలే, చూస్తూనే ఉంటాను. అటువంటి పిల్ల ఒక్కతైనా ఆ ఛానళ్లలో ఉండాల్సింది, రానివ్వలేదు. నష్టం టీవీ వాళ్లదే.