గాజు కొలతకు అల్లిన తొడుగులు

తెనాలి మారీసుపేటలో ఖాజాబీ చేతులు ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తమనండి. ఒక్కరూ ఎత్తరు. నిద్రలో కూడా ఆమె చూపుడువేలు కొక్కెంలా వంగి గాలిలో ముడులు వేస్తూ ఉంటుందనీ, తెల్లారి చూస్తే దుప్పటి అంచుకి కొత్త లేసు మొలిచి ఉంటుందనీ ఆమె భర్త సైఫుల్లా తన టైలరు షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. నమ్మనివాళ్ళకి ఆ దుప్పటి తెచ్చి చూపిస్తాడు కూడా.

చిన్నప్పుడు కాన్వెంటులో కుట్లు, అల్లికలు చెప్పే రిబ్కా టీచర్ పెట్టిన జబ్బు అది. ఆ బడిలో నేర్చుకున్న లెక్కలు పోయాయి, ప్రార్థన గీతాలు సగం పోయాయి, క్రోషియా కొక్కెం మాత్రం చేతికి అంటుకుపోయింది. ఇంట్లో చొక్కా లేని వస్తువు లేదు. ఫ్రిజ్జుకి ఒకటి, మిక్సీకి ఒకటి, గ్యాస్ బండకి కుచ్చుల గౌను. ఒక ఏడు చలికి పెరట్లో కోడి పొదుగు మీద కదలకుండా కూర్చుందని దానికీ స్వెటరు తొడిగేసింది. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలకి ఈకలకి బదులు ఊలు వచ్చిందని వీధిలో ఇప్పటికీ ఒట్టేసి చెప్పేవాళ్ళున్నారు.

"అమ్మీ, ఇంక ఇంట్లో బట్టలు కట్టాల్సింది గోడలకే," అంది కోడలు తహసీన్ ఒకనాడు. అని ఊరుకుంటే పోయేది. అత్తగారి చేతులకి కాస్త కొత్త పని చూపిద్దామని ఫోనులో ఒక బొమ్మ తీసి చూపించింది. ఎక్కడో మంచు దేశంలో పిల్ల. చేతులకి తొడుగులు, తలకి పట్టీ, మెడకి మఫ్లరు, అన్నీ ఒకే రంగు.

"ఇదేంటే, వేళ్ళేవి?"

"వీటికి వేళ్ళుండవమ్మీ. వేళ్ళు బయటుంటేనే కదా ఫోను నొక్కుకునేది."

"ఊలు చాల్లేదేమో పాపం."

ఆ మాట అన్నదే కానీ, సాయంత్రానికి ఒక జత అల్లేసింది. వారం తిరక్కుండా ఇంట్లో అందరికీ, పక్కింటివాళ్ళకీ మ్యాచింగ్ సెట్లు తయారయ్యాయి. వేసుకునే నాథుడు లేడు. తెనాలిలో చలి అంటే ఫ్రిజ్జు తలుపు తీసినంతసేపే. మర్యాదకి వేసుకున్న తహసీన్ చేతులు చెమటకాయలతో ఎర్రబడ్డాయి. ఖాజాబీకి కాలు నిలవడం మానేసింది. వరండాలోకి వెళ్తుంది, వస్తుంది, కిటికీ దగ్గర నిలబడుతుంది, వచ్చే పోయే మనుషుల చేతులకేసి చూస్తుంది. ఎవరికో ఈ తొడుగు కావాలి. ఎవరికో తెలియడం లేదు.

తెలిసింది అంజమ్మ చేతులు చూశాక.

అంజమ్మది రేపల్లె. హార్బరు నుంచి వచ్చిన చేపల్ని ఐసులో సర్దుకుని, పొద్దున పాసింజరెక్కి తెనాలి వస్తుంది. మారీసుపేటలో తిరిగి, చివరికి ఖాజాబీ వరండాలో తట్ట దించి నడుం వాలుస్తుంది. ఆ ధనుర్మాసం పొద్దున కానాగంత చేపలు తీసిస్తూ ఆగిపోయింది. వేళ్ళు వంగడం లేదు. అరచేతులు నానిన అటుకుల్లా తెల్లబడి, గీతల దగ్గర పగిలి ఉన్నాయి.

"అయ్యో, ఇదేంటి అంజమ్మా!"

"ఐసు బూబమ్మా. ఈ ఏడు మరీ లాగేస్తంది. మా అబ్బాయి పున్నారావు చూసి, ఇంక నీ యాపారం చాలమ్మా, బాపట్ల వచ్చెయ్యి, కుర్చీ ఏసి కూర్చోబెడతానంటన్నాడు."

"మంచిదేగా?"

"ఏం మంచి? కూర్చుంటే నేను చచ్చిపోతా. నువ్వు కూర్చోగలవా?"

ఖాజాబీకి గుండెలో గుండు సూది దిగినట్టయింది. కూర్చోవడం అంటే ఏమిటో ఆమెకి తెలుసు. వాళ్ళ అమ్మ చేతులు బిగుసుకుపోయాక మంచం మీద కూర్చుని రోజంతా చీర అంచు మడత పెట్టి విప్పుతూ ఉండేది.

"మరి రబ్బరు తొడుగులు వేసుకోవచ్చుగా?"

"ఏళ్ళు మూసేస్తే చేప జారిపోద్ది. మొప్ప ఎత్తి ఎర్రగుందో లేదో చూపించకపోతే మీ తెనాలోళ్ళు కొంటారా? ఏళ్ళు బయటుండాల, చెయ్యి లోపలుండాల. అట్టాంటిది ఆ దేవుడు కూడా కుట్టలేదు."

"దేవుడి సంగతి నాకు తెలీదు కానీ, నీ గాజు కొలత ఎంత?" అంది ఖాజాబీ.

ఆడదాని చెయ్యి ఎంతో తెలుసుకోవాలంటే ఈ ప్రాంతంలో ఎవరైనా అడిగేది అదే. అంజమ్మ కూడా ఆలోచించకుండా "రెండూ ఆరు" అని చెప్పేసింది. ఐసు పెట్టెలో చిట్లిపోతాయని ఆమె గాజులు మానేసి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఖాజాబీ పెట్టెలోంచి ఆ కొలత గాజు ఒకటి తీసి, దాని చుట్టూ ఆకుపచ్చ ఊలుతో క్రోషియా తొడుగు బిగువుగా అల్లింది. గాజు లోపల పెడితే చుక్క సందు లేదు. తన పనితనానికి తనే మురిసిపోయి, మర్నాడు అంజమ్మ వీధిలోకి రాగానే పిలిచి, చేతులకి సబ్బు రాసి మరీ ఎక్కించి పంపింది.

ఎండ ఎక్కే వేళకి వీధి చివర కేకలు. అంజమ్మ వరండాలోకి వచ్చి తట్ట దబ్బున దించింది. చేతులకి తొడుగులు లేవు. చేపల కత్తితో కోసి తీసిన ఆకుపచ్చ పీలికలు కొంగున ఉన్నాయి.

"ఏం పగ బూబమ్మా నీకు నామీద? రెండిళ్ళు తిరిగేసరికి చేతులు నీలంగా తిరిగాయి. పండుగప్ప చేతిలోంచి జారి మురుగు కాలవలో పడింది. అదీ మురిసిపోయి ఈదుకుంటా పోయింది!"

"చచ్చిన చేప ఈదుతుందా?"

"నీ తొడుగు చూసి భయపడి లేచిందేమో! గాజు కొలతకి తొడుగు అల్లుతారా ఎవరైనా?"

"నువ్వు చెప్పిన కొలతేగా!"

"గాజుని చెయ్యి ముడుచుకుని దూరుస్తాం. దూరాక మణికట్టు దగ్గర ఊగుతా ఉంటది. నీ తొడుగు అరచేతినే పట్టుకుని కూర్చుంది. అదీగాక తడిసి ఐసుగడ్డయింది."

షాపులోంచి వచ్చిన సైఫుల్లా మెడలో టేపు సవరించుకుంటూ, "నన్నడిగితే చెప్పేవాణ్ణిగా," అన్నాడు. ఖాజాబీ చూసిన చూపుకి మళ్ళీ షాపులోకి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు అంజమ్మ రాలేదు. తర్వాతా రాలేదు. ఆమెతో పాటు రేపల్లె బండిలో వచ్చే సుగుణమ్మ సంగతి చెప్పింది. "ఆ నీలం చేతులు పున్నారావు కంట పడ్డాయంటమ్మా. తట్ట అటకెక్కించి తల్లిని బాపట్ల లాక్కుపోయాడు."

ఇక ఖాజాబీ ఇంట్లో నిలిస్తే ఒట్టు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, చాయ్‌లో అసలు పంచదార మర్చిపోయింది. చేతులు మాత్రం మొదటిసారి ఊరికే ఉన్నాయి. అది చూసి సైఫుల్లాకే భయమేసింది.

అప్పుడు రిబ్కా టీచర్ మాట గుర్తొచ్చింది. 'గొర్రె వానలో తడిసినా వణకదు, ఎందుకో ఆలోచించండి' అనేది ఆమె. తెనాలి షాపుల్లో దొరికే ఊలు గొర్రెని చూసి ఎరగదు. నిజమైన గొర్రె ఊలు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. సైఫుల్లా అన్న ఫరూక్ లారీ మీద కాశ్మీరు దాకా పోయి తెచ్చిన మెరూన్ స్వెటరు. సైఫుల్లా దాన్ని జీవితంలో ఒక్కసారి తొడుక్కున్నాడు, ఫోటో దిగాడు, చెమటకి మూర్ఛపోబోయి విప్పేశాడు. అప్పటి నుంచి అది ఇనప్పెట్టెలో కలరా ఉండల మధ్య నవాబులా నిద్రపోతోంది.

ఆయన షాపులో ఉండగా నవాబుగారి నిద్ర చెడింది. పోగు పట్టి లాగితే స్వెటరు సరసరా విడిపోయింది. వంకీలు తిరిగిన ఊలుని ఉతికి, సాగడానికి పొత్రం వేలాడదీసి, పెరట్లో చీర చాటున ఆరేసింది. పెట్టెలో స్వెటరు చోట టీవీకి అల్లిన గౌను మడతపెట్టి పెట్టింది.

క్రోషియా సాగదు. సాగాలంటే రెండు సూదుల అల్లికే, ఒక కుట్టు సూటిగా, ఒక కుట్టు తిరగేసి. అది బడిలో ఆమెకి ఎన్నడూ లొంగలేదు. కుట్లు జారిపోతుంటే రిబ్కా టీచర్ స్కేలుతో వేళ్ళ మీద కొట్టేది. ఇప్పుడూ జారాయి. విప్పింది, అల్లింది, తిట్టింది, మళ్ళీ విప్పింది.

"అమ్మీ, కొలత ఏది? మనిషి బాపట్లలో ఉందిగా," అంది తహసీన్.

ఖాజాబీ సూదులు పట్టుకునే వరండాలోకి నడిచింది. తట్ట నెత్తికెత్తుకుని లేచేటప్పుడు అంజమ్మ రోజూ ఒకే చోట స్తంభానికి చెయ్యి ఆనించేది. వెల్ల మీద అరచెయ్యి, వేళ్ళు విప్పారి, చేప జిడ్డుతో అచ్చుపడి ఉంది. దాన్ని గీకి వెల్ల వేయించమని తహసీనే ఎన్నోసార్లు పోరింది.

"టేపు తేవే," అంది ఖాజాబీ.

ఒక తొడుగు ఇంట్లో అయింది. రెండోదానికి బొటనవేలు మిగిలుండగానే ఆమె బాపట్ల బండెక్కేసింది. కిటికీ పక్కన సూదులు ఆడుతుంటే ఎదుటి సీటాయన కళ్ళు పొడుస్తుందేమోనని కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. మిగిలిన ఊలుతో తలకి పట్టీ అల్లడం నిడుబ్రోలులో మొదలైంది. తల తలుచుకోగానే తట్ట గుర్తొచ్చింది. పట్టీ విప్పేసి, మందంగా, గుండ్రంగా చుట్టకుదురు మొదలుపెట్టింది. అదే రంగు. సెట్టు అంటే సెట్టే.

పున్నారావు ఇంట్లో అంజమ్మ నిజంగానే కుర్చీలో ఉంది. ఒళ్ళో చేట. రాళ్ళు లేని సూపర్‌మార్కెట్ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"దొరికాయా?" అంది ఖాజాబీ గుమ్మంలో నిలబడి.

అంజమ్మ తల ఎత్తి చూసింది. "దొరికితే నీ నెత్తినేద్దామని దాస్తన్నా. మళ్ళీ ఎందుకొచ్చావ్, చేతులు తెంపుకుపోటానికా?"

పున్నారావు లోపల్నుంచి వచ్చాడు. పెద్దమనిషని నమస్కారం పెట్టాడు కానీ మాట బిగించే ఉంచాడు. "పిన్నిగారూ, మీకో దండం. మా అమ్మని ఒదిలెయ్యండి."

"వదిలేస్తా బాబూ. ముందు ఇంట్లో ఐసు, చేప ఉంటే తెప్పించు. ఈసారీ చెయ్యి నీలంగా తిరిగితే నా సూదులు ఇక్కడే మీ సముద్రంలో పారేసి పోతా."

అన్న తర్వాత గానీ ఏమన్నదో ఆమెకి తెలియలేదు.

అంజమ్మ కోడలు శ్రావణి సూర్యలంక నుంచి ఉదయం వచ్చిన చందువా చేపల్ని బేసిన్లో వేసి, ఫ్రిజ్జులో ఐసంతా వాటి మీద కుమ్మరించింది. తొడుగులు సబ్బు లేకుండా ఎక్కాయి. అంజమ్మ చేతులు ముంచింది. ఖాజాబీ కూర్చోలేక గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతోంది. అంజమ్మ చేప తీసింది, మొప్ప ఎత్తింది, మళ్ళీ ముంచింది, అడుగున ఉన్నదాన్ని వెతికింది. పక్కింటావిడ తొంగిచూస్తే అలవాటుగా, "కళ్ళు చూడమ్మా, సినిమా హీరోయిన్‌కి కూడా లేవట్టాంటియ్యి," అని కేకేసింది కూడా.

ఐసు సగం కరిగాక పున్నారావు తల్లి చెయ్యి లాక్కుని తడిసిన తొడుగు తీశాడు. వేళ్ళ కొసలు ఎర్రగా, చల్లగానే ఉన్నాయి. వెచ్చగా తగిలిన అరచేతిని తన చెంపకి ఆనించుకున్నాడు.

"ఏళ్ళు నొప్పేనా?"

"నొప్పే. ఒంగుతున్నాయిగా!" అంది అంజమ్మ, వంచి చూపిస్తూ.

"ఈ చలి పోయేదాకా చూస్తా," అన్నాడు అతను చివరికి. "మళ్ళీ నీలమైతే కుర్చీ ఇక్కడే ఉంటది."

అంజమ్మ అప్పటికే చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, అద్దం ఎక్కడుందని శ్రావణిని అడుగుతోంది.

రెండు రోజుల తర్వాత మారీసుపేటలో, "చేపలమ్మా, చేపలో!" అని పాత కేక. షాపు ముందు నిలబడి దారం ఎక్కిస్తున్న సైఫుల్లా కళ్ళు చిట్లించాడు. ఎదురుగా మెరూన్ చేతులు, మెరూన్ కుదురు. ఆ రంగు ఆయనకి తెలుసు.

"అంజమ్మా, ఆ ఊలు..."

"మీదేనంట బాబుగారూ. మెత్తగా ఉంది. మా చేపలక్కూడా నచ్చింది."

ఆయన ఇంట్లోకి వెళ్ళాడు. ఇనప్పెట్టె మూత కిర్రుమంది. తర్వాత టీవీ గౌను చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చాడు.

"స్వెటరుకి రెండు చేతులూ, వీపూ ఉండాలి. ఆ ఊలంతా ఏది?"

ఖాజాబీ వినడం లేదు. ఆమె కళ్ళు అంజమ్మ వెనకే తట్ట దించి, తెల్లబడిన అరచేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటున్న సుగుణమ్మ మీదున్నాయి. ఒళ్ళో సూదులు వాటంతట అవే కదలడం మొదలుపెట్టాయి.

"సుగుణమ్మా," అంది, "లేచేటప్పుడు ఆ రెండో స్తంభానికి ఒకసారి చెయ్యి ఆనించి లేవమ్మా."