మన గుంట

మావారి ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి పలమనేరు వచ్చిన కొత్తలో నేను నోరు తెరిస్తే చాలు, వీధిలో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. దాంతో బయట మాట్లాడటమే మానేశాను.

ఓ మధ్యాహ్నం మూడేళ్ల మా పాప కనబడలేదు. భయంలో మా ఊరి మాటే తన్నుకొచ్చింది. "ఓలమ్మో, నా గుంట! నా గుంట కనబడ్డం నేదు" అని వీధిలో నిలబడి ఏడ్చాను. మా వైపు గుంటంటే ఆడపిల్ల. ఇక్కడ గుంటంటే గొయ్యి.

"బిడ్డ గుంటలో పడిందంట" అంటూ వీధంతా, పక్కనే కొత్త ఇంటి పునాదికి తవ్విన గోతి దగ్గరికి పరిగెత్తింది. నన్ను అందరికంటే ఎక్కువ వెక్కిరించే ఎదురింటి రెడ్డెమ్మక్క చీర ఎగ్గట్టి, మోకాలిలోతు బురదలో దిగి చేతులతో వెతుకుతోంది. పాప నిజంగానే అందులో పడిందనుకుని నేనూ గోతి దగ్గరికి పరిగెత్తాను.

అప్పుడే ఆవిడ ఇంట్లోంచే మా పాప మూతినిండా సంగటితో బయటికొచ్చింది. "అమ్మా, నేనీడే ఉండా" అంది.

సిగ్గుపడుతూ గుంటకు అర్థం చెప్పాను. "నీ మాట పాడుగాను, పాప అనకూడదా మే?" అని రెడ్డెమ్మక్క బురదలోనే కూలబడి నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.

వెక్కిరింతకు జడిసి నేను దాచుకున్న మాటను ఇప్పుడు ఆ వీధే వాడుతోంది. రోజూ సాయంత్రం రెడ్డెమ్మక్క కేకేస్తుంది: "ఏమ్మే, మన గుంట బడి నుంచి వచ్చిందా?"