కవరు అక్కర్లేని సీటు

సీట్ కవర్ల షాపు ఏదండీ అని ఇప్పటికీ ఎవరో ఒకరు నా దగ్గరికొచ్చి అడుగుతుంటారు. మూతపడిందండీ అంటే, అయ్యో, బాగా కుట్టేవాడే అని నిట్టూరుస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. అంత బాగా కుట్టేవాడని తెలిసిన ఈ పెద్దమనుషులంతా ఆ ఆఖరి ఏడాది ఎక్కడికి పోయారో. ఆ చోట ఇప్పుడు మొబైల్ పౌచులు అమ్ముతున్నారు. నేను అటు చూడకుండానే నా షట్టరు ఎత్తుకుంటాను.

నాది రేడియం స్టిక్కర్ల షాపు. కార్ల అద్దాల మీద దేవుడి బొమ్మలూ పిల్లల పేర్లూ అంటిస్తాను. తణుకు నుంచి అమీర్‌పేట వచ్చిన కొత్తలో ఈ గల్లీలో నాతో మొదట మాట కలిపింది పక్క షాపు హనుమాండ్లే. సిద్దిపేట వైపు మనిషి. చిన్నతనంలోనే ఎర్రగడ్డలో రాజనర్సయ్య అనే మేస్త్రీ దగ్గర ఆటో సీట్లకు రెక్సిన్ కుట్టడం నేర్చుకుని, తర్వాత కార్లకు మారాడు. నన్ను అన్నా అనేవాడు, నా గోదావరి యాసను రోజూ వెక్కిరించేవాడు. మంచి కోపిష్టిని, అయినా అతని మీద ఒక్కపూట కూడా కోపం నిలుపుకోలేకపోయాను.

మనవాళ్ల సంగతి మీకు తెలియంది కాదు. కారు కొనేటప్పుడు బేస్ మోడల్ కొంటారు. మిగతావన్నీ బయట చేయించుకుందాంలే అంటారు. అలా షోరూము నుంచి సరాసరి మా గల్లీకి వచ్చేవారు, సీట్లకు కవర్లు అతని దగ్గర, అద్దానికి వెంకన్న బొమ్మ నా దగ్గర. ఏ కొత్త మోడల్ వచ్చినా హనుమాండ్లు పాత న్యూస్‌పేపర్లు పట్టుకుపోయి, సీటు మీద పరిచి, సుద్దతో గీసి కొలత కత్తిరించుకొచ్చేవాడు. ఆ కాగితాలన్నీ షాపులో తాళ్లకు వేలాడేవి. ఏ బండి కొలత ఏదో తడిమి చెప్పేవాడు.

అతని కూతురు అనుపమ ఎర్రమంజిల్‌లో ఒక దేశీ కంపెనీ షోరూములో చేరాక అతని పంట పండింది. ఆ పిల్ల తండ్రిని వెనక గేటులోంచి లోపలికి తీసుకెళ్లి కొలతలు తీయించేది. బండి తీసుకున్నవాళ్లకు మా గల్లీ గుర్తులు చెప్పి పంపించేది. ఎలక్ట్రిక్ కార్లు వచ్చినా మాకు నష్టం రాలేదు. బ్యాటరీ అయితే ఏంటి, పెట్రోలు అయితే ఏంటి, కూర్చునేది సీటు మీదే కదా. కూతురు సొంతకారు కొన్ననాడు వేద్దామని తేనెరంగు గుడ్డ ఒకటి తెప్పించి పైన అరలో దాచిపెట్టాడు. కనిపించినవాడికల్లా దాన్ని దించి చూపించేవాడు. నాకైతే చూసీ చూసీ విసుగొచ్చింది.

అనుపమకు పంజాగుట్టలో చైనా కార్ల షోరూములో ఎక్కువ జీతానికి ఉద్యోగం వచ్చింది. మా ఇద్దరికీ రోజూ చాయ్ దగ్గర అదే గొడవ.

"చైనావాడి బండి మన బండి ముందు నిలబడదయ్యా. దిగుమతి సుంకం కట్టేసరికి ధర ఆకాశంలో ఉంటుంది. చిన్న భాగం పాడైతే ఓడెక్కి రావాలి. ఎవడు కొంటాడు?" అనేవాణ్ణి నేను.

"ధర ముచ్చట జర పక్కకు పెట్టన్నా" అనేవాడు హనుమాండ్లు. "సుంకం ఉన్నది గనుకనే మనోళ్ల బండ్లు నిలబడ్డయేమో. గా బండి కొన్నోడు షోరూంలకెళ్లి సీదా ఇంటికి పోతడట. అన్ని అండ్లనే ఉంటయట. మన గల్లీకి రాడు. నా ఫికర్ గదే."

"వెధవ ఫికరు" అని కసురుకునేవాణ్ణి.

అతనన్నట్టే జరిగింది. చైనా బండిని చూసి దేశీ కంపెనీలు కూడా పోటీకి అన్నీ లోపలే బిగించి ఇవ్వడం మొదలుపెట్టాయి. మా గల్లీకి కొత్త బండి రావడమే గగనమైపోయింది. హనుమాండ్లు కూతురి ఫోను కోసం చూసేవాడు. కొత్త బండి కొలతకు రమ్మని పిలుస్తుందని, పాత పేపర్లు మడిచి మిషను పక్కన పెట్టుకునేవాడు. ఆ కొలత ఒకటి చేతికొస్తే షాపు నిలబడుతుందని అతని ఆశ. పిల్ల పిలవలేదు. అతను అడగలేదు. ఇంట్లో భార్య మంగవ్వ అడగబోతే, దాన్ని సతాయించకు అన్నాడట.

నాకు ఓపిక లేదు. "లే, పోదాం పద. మీ అమ్మాయి షోరూముకి నువ్వు పోతే తప్పేంటి?" అని చెయ్యి పట్టుకుని లేపాను. పేపర్లు చంకలో పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

షోరూము చల్లగా ఉంది. మధ్యలో తెల్లటి కారు, తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. అనుపమ అటు వైపు వంగి, లోపల కూర్చున్న భార్యాభర్తలకు ఏదో చెప్తోంది. బంజారా హిల్స్ మనుషుల్లా ఉన్నారు. మేము ఇటు వైపు తలుపు దగ్గర ఆగాం. మమ్మల్ని ఆ పిల్ల చూడలేదు.

"అన్నీ బాగున్నాయి గానీ సీట్లు లేత రంగు, మరకలు పడతాయి" అంది ఆవిడ. "అమీర్‌పేటలో హనుమాండ్లు అని ఒకాయన ఉన్నాడట. మా తమ్ముడి బండికి ఆయనే కుట్టాడు. అక్కడ కవర్లు వేయిస్తాం."

హనుమాండ్లు ముఖం వెలిగింది. నేను మోచేత్తో పొడిచాను, విన్నావా అన్నట్టు.

అనుపమ సీటు అంచు మీద చెయ్యి వేసింది. "ఆయన మస్తు మంచిగ కుడతడు మేడమ్" అంది. "కానీ ఈ బండికి వద్దు. సీటు పక్కనే ఎయిర్‌బ్యాగ్ ఉంటది. కవర్ కడితే తెరుచుకోదు, ప్రాణం మీదికొస్తది. సీట్లకెళ్లి వచ్చే చల్లగాలి సుత ఆగిపోతది. ఎవ్వరితోని వేయించొద్దు."

"కవరు లేకుండా ఎలా అమ్మా? మా ఇంట్లో సోఫాలకే ఉంటాయి. అలాగైతే మన దేశీ కంపెనీ బండే చూసుకుంటాం" అంటూ ఆవిడ దిగబోయింది. దిగుతూ, పేపర్లు పట్టుకుని నిలబడ్డ హనుమాండ్లను చూసింది. కొనడానికొచ్చిన మరో మనిషి అనుకుంది కాబోలు. "మీరు చెప్పండి, సీట్లకు కవర్లు వద్దంటోంది. మీరైతే ఏం చేస్తారు?"

అప్పుడు తల ఎత్తి చూసింది అనుపమ. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఈయనే ఆ హనుమాండ్లు అని చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. అతను నా కాలు గట్టిగా తొక్కాడు.

పేపర్లు నా చేతికిచ్చి వంగాడు. సీటు అంచు వెంట కుట్టును వేలితో మెల్లగా తడుముకుంటూ పోయాడు. పక్కన నొక్కి చూశాడు. చాలాసేపు పట్టింది.

"వేయించొద్దమ్మా" అన్నాడు. "గీ కుట్టు చూడున్రి, ఎంత సాఫ్‌గ ఉన్నదో. దీని మీద ఎవ్వరు కుట్టినా తక్కువనే అయితది. బిడ్డ నిజం చెప్పింది."

ఆవిడ భర్త వంక చూసింది. సరేలే అన్నాడాయన. ఇద్దరూ బల్ల వైపు నడిచారు. వాళ్ల వెనక పోతూ అనుపమ మా ముందు ఆగింది. మేనేజరు అక్కడే ఉన్నాడు.

"థాంక్యూ సర్" అంది తండ్రితో.

బయటికొచ్చాక మెట్రో స్తంభాల కింద నడుస్తూ నేను ఎవరెవర్నో తిట్టాను, చైనావాణ్ణి, మనవాళ్లని, చివరికి ఆ పిల్లని కూడా. హనుమాండ్లు నా చేతిలోంచి పేపర్లు తీసుకున్నాడు.

"నన్ను సర్ అన్నదన్నా."

"మేనేజరున్నాడు కదయ్యా."

"గట్లనే అనాలె. నౌకరి గదా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అతను ఏడవలేదు.

ఆ సాయంత్రం చిరిగిన సీటుతో ఒక ఆటో వచ్చింది. హనుమాండ్లు స్టూలు ఎక్కి పై అరలోంచి తేనెరంగు గుడ్డ దించాడు. నేను వద్దయ్యా అంటున్నా వినకుండా నేల మీద పరిచి సుద్దతో గీశాడు. ఆటో డ్రైవరు కంగారుపడ్డాడు. "గింత మంచి గుడ్డ నా ఆటోకెందుకే కాకా?"

"కార్లకు అక్కెర లేదు తమ్మీ" అన్నాడు.

కత్తెర సగం దాకా వచ్చేసరికి అనుపమ వచ్చింది, మెళ్లో షోరూము కార్డు అలాగే ఉంది. గుమ్మంలో నిలబడి గుడ్డను చూసింది. అది ఏ గుడ్డో ఆ పిల్లకు తెలుసు. చెప్పులు విప్పి, కింద కూర్చుని, చిన్నప్పుడు బడి నుంచి రాగానే పట్టుకున్నట్టే గుడ్డ రెండో కొస పట్టుకుంది. కళ్లనీళ్లు గుడ్డ మీద పడుతున్నాయి.

"గట్టిగ పట్టు బిడ్డా" అన్నాడు హనుమాండ్లు, తల ఎత్తకుండానే. "ముడత పడతది."