బక్కయ్య సారు ఒప్పుకున్న తప్పు

సుల్తానాబాద్‌లో డ్రిల్ మాస్టరుగా పనిచేసిన బక్కయ్య సారు తన జీవితంలో ఒక్కనాడూ కుస్తీ పట్టలేదు. ఆ బక్క ఒంటిని చూసి పట్టమని అడిగినవాళ్లూ లేరు. అయినా 1951 మొదలు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో హైస్కూలు పిల్లల కుస్తీలు ఎక్కడ జరిగినా రెఫరీ ఆయనే. మిషన్ బోర్డింగులో చదివే రోజుల్లో కుస్తీ నియమాల పుస్తకం ఒకటి ఆయన చేతికి దొరికింది. బైబిలు తర్వాత ఆయనకు కంఠతా వచ్చినది అదొక్కటే.

పడినవాడి భుజాలు రెండూ నేలకు తాకితేనే చిత్తు, అంటే ఓటమి; తాకాయో లేదో చూడటానికి బోర్లా పడుకుని, చెంప మట్టికి ఆనించేవాడు. కుస్తీ పట్టిన పిల్లలకన్నా ఆయనకే ఎక్కువ మట్టి అంటుకునేది. ఒకసారి ఈల ఊదాడా, ఇక ఆ తీర్పును ఎవరొచ్చినా మార్చలేరు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పుకునేవాడు.

1958లో కరీంనగర్‌లో ఆఖరి కుస్తీ ఆయన శిష్యుడు గట్టయ్యకీ, జైనూర్ అవతలి గోండుగూడెం నుంచి వచ్చిన జంగుకీ పడింది. జంగు వెల్లకిలా పడ్డాడు. సారు ఈల ఊదాడు.

"సార్, నా ఎడమ భుజం తాకలే," అన్నాడు జంగు.

"నేను చూసిన," అన్నాడు సారు. అంతటితో అయిపోయింది.

సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు గట్టయ్య కప్పును చంకలో పెట్టుకుని నసిగాడు. "సార్, వాని భుజం కింద నా చెయ్యి ఉండె. మీరు అవతలి దిక్కున పండుకున్నరు."

బక్కయ్య సారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు భార్య ప్రేమమ్మ సంగతంతా రాబట్టింది.

"గిదా నీ ఫికరు? పోయి గా పిలగానికి తప్పైందని చెప్పి రా."

"రెఫరీ తప్పైందంటే ఇజ్జత్ ఉంటదా?"

"ఇంట్ల కూసోని గోడను చూస్తే ఉంటదా?"

పెద్దపల్లిలో రైలెక్కి, ఆసిఫాబాద్‌లో లారీ బతిమాలుకుని, కొండల ఘాటు రోడ్డు దాటి, చివరి ఏడు మైళ్లు నడిచి గూడెం చేరాడు సారు. జనం పోగయ్యారు. ఆయన గొంతు సవరించుకుని, నియమాలు మొదటి నుంచీ వివరించి, తప్పు తనదేనని చెప్పాడు. నియమాలు ఎవరికీ అర్థం కాలేదు.

"ఎట్ల పడ్డడో చూపెట్టు సారూ," అన్నాడు జంగు తండ్రి.

చూపించాలంటే ఒకడు పడాలి. సారు చొక్కా విప్పి నిలబడ్డాడు. జంగు మొహమాటపడ్డాడు కానీ, పట్టు మాత్రం మొహమాటపడలేదు. నలభై ఆరేళ్ల వయసులో బక్కయ్య సారు మొదటిసారి వెల్లకిలా పడ్డాడు. పడినచోటు నుంచే ఈల ఊది, "గిది సరైన చిత్తు!" అన్నాడు. గూడెమంతా పడీపడీ నవ్వింది. జంగు ఆయన్ను లేపి, వీపు దులిపి, ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె పెట్టించాడు.

తిరిగొచ్చాక సారు తన పొరపాటు రాసి పోటీల కమిటీకి పంపాడు. కప్పు మీద ఇద్దరి పేర్లూ రాయించారు. సారును మాత్రం ఒక సంవత్సరం రెఫరీగా పిలవలేదు. ఆ ఏడు ఆయన ప్రేక్షకుల్లో కూర్చుని, మెడ సాచి, పక్కవాళ్లను పరేషాన్ చేశాడు. ఆ మరుసటి ఏడు రెండు జిల్లాల మాస్టర్లూ కలిసి ఆయన్నే కావాలని అడిగారు.

అప్పటి నుంచి ఆయనకు కొత్త అలవాటొకటి వచ్చింది. ఈల ఊదే ముందు అవతలి వైపుకు కూడా ఉరికి పడుకునేవాడు. అక్కడా తృప్తి లేకపోతే కింద ఉన్నవాడినే, "నిజం చెప్పు బిడ్డా, తాకిందా?" అని అడిగేవాడు. పిల్లలు రొప్పుతూనే నిజం చెప్పేవారు. రెండు రోజుల పోటీలు మూడు రోజులు సాగేవి. వంటవాళ్లు గొణిగేవారు. 1967లో ఆయన రిటైరయ్యేదాకా తీర్పు మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఆలస్యం మీద వచ్చినవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.