గౌరి తిన్న పెళ్లి భోజనం

అది 2022 వేసవి. శంషాబాద్ దగ్గర ఒక సర్కారు పశువుల దవాఖానలో డాక్టరుగా చేస్తున్నాను. ఎయిర్‌పోర్టు వచ్చాక ఇక్కడ పొలాలు తగ్గి ఫంక్షన్ హాళ్లు పెరిగాయి. అయినా పొద్దున్నే పాలు పితకనిదే తోచని ఇళ్లు ఇంకా ఉన్నాయి. నా దగ్గరికి వచ్చేది వాళ్లే. నా నోరు కొంచెం దురుసని అందరికీ తెలుసు. మా ఆయనకు ఇంకా బాగా తెలుసు.

ఒకరోజు సాతంరాయి వైపు నుంచి అంజయ్య, యాదమ్మ అనే దంపతులు తమ బర్రెను ట్రాలీ ఆటోలో తీసుకొచ్చారు. దాని పేరు గౌరి. చూడితో ఉంది. వారం రోజులుగా మేత సరిగా ముట్టడం లేదు, నెమరు వేయడం లేదు. మందు తాగిస్తే ఉబ్బరం తగ్గడం, మళ్లీ రావడం. ఎడమ డొక్క మీద పిడికిలితో నొక్కి చూశాను. లోపల ప్లాస్టిక్ పేరుకుపోయిందని అర్థమైంది. పశువు తిన్నదంతా ముందు చేరే పెద్ద పొట్టను రుమెన్ అంటాం. దాన్ని కోసి, చేయి పెట్టి చెత్త తీసేసి మళ్లీ కుట్టే ఆపరేషన్ పేరు రుమినాటమీ. చేస్తే తల్లీ, కడుపులో దూడా బతకడానికి మంచి అవకాశం ఉంది. చేయకపోతే రెండూ దక్కవు. ఇందులో ఆలోచించడానికి ఏముందనుకున్నాను.

అంజయ్య మాత్రం వద్దన్నాడు. "కోతకు అమ్మేస్త మేడం. బేరగానితోని మాట్లాడిన. మాపటికి బండి తెస్తడు" అన్నాడు, గోడ వైపు చూస్తూ.

నెమ్మదిగా చెప్పాను. కాగితం మీద పొట్ట బొమ్మ గీసి చెప్పాను. ఖర్చేమీ ఉండదని కూడా చెప్పాను. అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు. నాకు ఒళ్లు మండింది. చూడి బర్రెను కోతకు ఇచ్చే మనిషికి మనసు ఎక్కడుంటుందని సగం లోపల, సగం పైకే తిట్టాను. అతను వెళ్లి గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు.

యాదమ్మ గౌరి మెడ నిమురుతూ అక్కడే నిలబడింది. కాసేపటికి సంగతంతా చెప్పింది. అంజయ్య ఒక ఫంక్షన్ హాల్లో తోటపని చేస్తాడు. గౌరికి రోజూ మేత వేసేదీ అతనే. పెళ్లి జరిగినప్పుడల్లా మిగిలిన బగారన్నం పెళ్లివాళ్లు పేర్లు అచ్చువేయించిన కవర్లలో కట్టుకుని గౌరి కోసం తెచ్చేవాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా ముందు దాని తొట్టిలో పోసి, ఖాళీ కవర్లు పక్కన పడేసేవాడు. ఉప్పు, నూనె వాసనకు గౌరి ఆ కవర్లు కూడా తినేది. లోపల ప్లాస్టిక్ ఉండొచ్చని ఊళ్లో ఎవరో అన్నప్పటి నుంచి అతను కొట్టంలోకి పోవడం మానేశాడట.

"దాని మొకం జూస్తలేడమ్మా. జూస్తే తట్టుకోడు. కండ్ల ముంగట లేకుంటేనే నయమనుకుంటుండు" అంది యాదమ్మ.

రాతి గుండె అనుకున్న మనిషి మీద నాకు ఒక్కసారిగా జాలి, ప్రేమ పుట్టుకొచ్చాయి. వెళ్లి బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాను. నీ తప్పేమీ లేదని చెప్పొచ్చు. కానీ అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"నీ చేత్తో పెట్టిందే అన్నా, నేను కాదంటలేను. గని ఇప్పుడు నాకొక మనిషి కావాలె. బర్రె నిలబడే ఉంటది, తెలివితోనే ఉంటది. డొక్క మొద్దుబారెతట్టు సూదిస్త, నొప్పి తెల్వది. భయమైతే ఉంటది. ఎరుకైన మనిషి తల పట్టుకుంటెనే నేను కోస్త" అన్నాను.

"యాదమ్మ పట్టుకోదా?"

"రోజూ మేత వేసేది నువ్వు గదా."

తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నాకు చేతులు వణుకుతయ్ మేడం."

"వణకనీ. వదలకుంటే చాలు."

లేచి వచ్చాడు. అంతలో బేరగాడు ఫోన్ చేస్తే, రావద్దని చెప్పమని ఫోన్ యాదమ్మ చేతికిచ్చాడు. రోజంతా నెత్తి మీద తిరిగే విమానాలకు చెవి కూడా కదపని గౌరి, డొక్క మీద వెంట్రుకలు గీసే బ్లేడు తగలగానే బెదిరిపోయింది. అంజయ్య దాని తలను ఛాతీకి ఆనించుకుని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. "ఇగ పెండ్లి బువ్వ లేదు బిడ్డా, పచ్చగడ్డే" అన్న ముక్క నా చెవిన పడింది.

మోచేతి దాకా చేయి పెట్టి ముద్దలు ముద్దలుగా కవర్లు లాగాను. కొన్నిటి మీద పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్ల పేర్లు ఇంకా చెరిగిపోలేదు. ఎన్ని పెళ్లిళ్లకు పోయొచ్చిందో మీ గౌరి, ఒక్కరికీ చదివింపు పెట్టలేదు అన్నాను. అంజయ్య ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు. అంత ఏడుపులోనూ తల వదల్లేదు.

గౌరి బతికింది. వానలు పడ్డాక ఈనింది.

వద్దనే వాళ్లంతా అర్థం కాకనో, మనసు లేకనో వద్దంటారని అంతకుముందు అనుకునేదాన్ని. ప్రేమ ఎక్కువై, చేసిన పొరపాటు ముఖం చూడలేక కూడా మనిషి తప్పు నిర్ణయం తీసుకుంటాడని ఆ రోజు తెలిసింది. అలాంటప్పుడు బొమ్మలు గీసి ఎంత చెప్పినా చెవికెక్కదు. ఇప్పుడు ఎవరైనా పశువును అమ్మేస్తామంటే వాదించను. రోజూ మేత వేసేదెవరని అడిగి, వచ్చి తల పట్టుకోమని ఆ మనిషినే పిలుస్తాను. ఒకసారి పట్టుకున్నాక అమ్మేస్తామన్న వాళ్లు ఇంతవరకూ లేరు.